మనవడు ఆడని మ్యాచ్‌లు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు 68 ఏళ్లు. మా అమ్మాయి, అల్లుడు కెనడాలో టొరంటో దగ్గర ఉంటారు. వాళ్ల ఒక్కగానొక్క కొడుక్కి 16 ఏళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచీ వాడికి ఐస్ హాకీయే లోకం. నిరుడు అక్కడి జూనియర్ లీగులో ఒక జట్టు వాణ్ని ఎంపిక చేసుకుంది. ఆగస్టు ఆఖర్లో వెళ్లాడు. ఇంటికి ఆరు గంటల దూరం. ఎవరో తెలియనివాళ్ల ఇంట్లో ఉంటూ అక్కడి స్కూల్లో చదువుకుంటున్నాడు. ఇప్పటికి 40 మ్యాచ్‌లు అయ్యాయట, సగం మ్యాచ్‌ల్లో వాణ్ని దింపనే లేదట. దింపిన రోజున నేను తెల్లవారుజామునే లేచి ట్యాబ్‌లో చూస్తాను. అరగంట చూసినా మావాడు కనపడడు. భోగి రోజు ఫోన్ చేసి రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు. మా అల్లుడు ‘చాలు, తీసుకొచ్చేస్తా’ అంటున్నాడు. ‘వాడి మనసు విరిగిపోతుంది’ అని మా అమ్మాయి ఏడుస్తోంది. ఈ లీగులో ఆడితే అమెరికా కాలేజీలు రానివ్వవని డాలస్‌లో ఉన్న మా మరిది కొడుకు అన్నాడట. చదువు పోతుందేమో, దెబ్బలు తగులుతాయేమో, మంచులో రాత్రిపూట ఆ బస్సు ప్రయాణాలేమిటో అని నాకు నిద్ర పట్టడం లేదు. నా మాట ఇద్దరూ వింటారు. ఏం చెప్పమంటారు?

సమాధానం: అమ్మా, ముందు సూటిగా చెబుతాను. ఆడించడం లేదన్న ఒక్క కారణంతో ఈ జనవరిలో వాణ్ని ఇంటికి తెచ్చేయమని మీ అల్లుడికి చెప్పకండి. లీగు మ్యాచ్‌లు మార్చి ఆఖరుకల్లా అయిపోతాయి. ఆ తర్వాత వేసవిలో తీరిగ్గా కూర్చుని ఉండాలా మానాలా అని ముగ్గురూ మాట్లాడుకోవచ్చు. అయితే ఒక్క పూట కూడా ఆగకుండా వెళ్లి తెచ్చుకోవాల్సిన కారణాలు కొన్ని ఉన్నాయి. అవి కింద రాశాను. ఆ భాగం మాత్రం మీ అమ్మాయికి ఈరోజే చదివి వినిపించండి.

మీరు ఊరి పేరు రాయలేదు కానీ, టొరంటో నుంచి ఆరు గంటల దూరం అన్నారు కాబట్టి అది అంటారియో హాకీ లీగు అనుకుంటున్నాను. కెనడాలో జూనియర్ హాకీకి పై మెట్టు లాంటి లీగులు మూడున్నాయి. ఇదొకటి, పశ్చిమ లీగు, క్యూబెక్ లీగు మిగతా రెండు. 20 జట్లు ఆడతాయి. సెప్టెంబర్ ఆఖరు నుంచి మార్చి దాకా ఒక్కో జట్టుకి 68 మ్యాచ్‌లు. ఆడేవాళ్ల వయసు 16 నుంచి 20. అసలు సంగతి ఈ వయసు దగ్గరే ఉంది. మీ మనవడు ఇంకా ఎదుగుతున్న పిల్లాడు. వాడి మీదికి వచ్చేది గడ్డం మీసం వచ్చి, నాలుగేళ్లుగా ఇదే లీగులో రాటుదేలిన 20 ఏళ్ల మనిషి. ఒక మ్యాచ్‌కి ఇద్దరు గోల్‌కీపర్లు కాక 18 మందినే దింపుతారు. జట్టులో ఉండేది అంతకన్నా ఎక్కువ మంది. కాబట్టి ప్రతి రాత్రీ ఎవరో కొందరు బయట కూర్చోక తప్పదు. ఆ కూర్చునేది చాలాసార్లు మొదటి ఏడాది కుర్రాడే. కోచ్‌కి వాడంటే పడక కాదు. వాడికి ముందు ఇంకా మూడు నాలుగు సీజన్లు ఉన్నాయి కాబట్టి తొందర లేదనుకుంటారు.

దింపిన రోజున కూడా కనపడకపోవడానికి కారణం చెబుతాను. ఈ ఆటలో ఎవరూ మంచు మీద ఎక్కువసేపు ఉండరు. 40, 45 సెకన్లు ప్రాణం పెట్టి పరుగెత్తి బెంచీకి వచ్చేస్తారు, ఆట నడుస్తుండగానే ఇంకొకరు గోడ దూకి లోపలికి వెళతారు. దాన్ని షిఫ్ట్ అంటారు. ముందువరస ఆటగాళ్లకి ఇలాంటి షిఫ్టులు పాతిక దాకా దొరుకుతాయి. చివరి వరసలో ఉన్న పదహారేళ్ల వాడికి ఏడో ఎనిమిదో. అంటే మొత్తం మ్యాచ్‌లో ఐదారు నిమిషాలు. మీరు కాఫీ కలుపుకుని వచ్చేలోపు వాడి షిఫ్ట్ అయిపోయి ఉంటుంది.

నేనొక చలికాలం మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను, వాళ్లదీ అంటారియోనే. ఊళ్లో మ్యాచ్ ఉందంటే తీసుకెళ్లారు. ఆ రోజు ఆట కన్నా నా కళ్లు పైమెట్ల మీద కూర్చున్న ఒక కుర్రాడి మీదే ఉండిపోయాయి. సూటు, టై వేసుకున్నాడు. దింపని వాళ్లు అలాగే రావాలట. వేలికి తెల్ల టేపు చుట్టి ఉంది, పొద్దున ప్రాక్టీసుకి చుట్టుకున్నది విప్పడం మర్చిపోయినట్టున్నాడు. తన చోట్లో ఆడుతున్న వాడు మంచు మీదికి దిగినప్పుడల్లా వీడి మోకాలు ఆడుతోంది. వాడు బెంచీకి వచ్చేస్తే ఆగుతోంది. ఎవరో తెలిసినాయన వచ్చి భుజం తడితే నవ్వాడు, ఆయన వెళ్లగానే ఆ నవ్వు పోయింది. వాడు పొద్దున మిగతావాళ్లంతా వెళ్లిపోయాక కూడా ఇంకో అరగంట మంచు మీద చెమటోడ్చాడని మా చెల్లెలు చెప్పింది. ఆ రాత్రి ఆడనివాళ్ల చేత అలా ఎక్కువ ప్రాక్టీసు చేయిస్తారు. మీ ఉత్తరం చదువుతుంటే వాడే గుర్తొచ్చాడు.

నిరుటిదాకా మీ మనవడు ఆడిన జట్టులో వాడే మొనగాడు అయ్యుంటాడు. కాకపోతే ఈ లీగు కన్ను వాడి మీద పడేదే కాదు. ఇప్పుడు పక్కన కూర్చున్న ప్రతివాడూ వాడి ఊళ్లో మొనగాడే. ఇది మనకి తెలియని బాధ కాదమ్మా. పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చిన పిల్లాణ్ని ఇంటర్‌కి విజయవాడలోనో గుంటూరులోనో హాస్టల్లో వేస్తాం. మొదటి వారం టెస్టులో సెక్షన్‌లో 47వ ర్యాంకు వస్తుంది. వాడికి కాళ్ల కింద నేల కదిలిపోతుంది. అలాంటి పిల్లలు మన రెండు ఊళ్లలో ప్రతి జులైలో కొన్ని వేలమంది ఉంటారు. పదిహేనేళ్లకే పిల్లాణ్ని ఇంటికి దూరంగా పంపడం మనకి కొత్తేమీ కాదు, మనం పంపేది పుస్తకాల కోసం, వాళ్లు పంపారు ఆట కోసం. ఆ మాటకొస్తే మీ గుంటూరు కిడాంబి శ్రీకాంత్ కూడా చిన్నప్పుడే ఇల్లు వదిలి అకాడమీల్లో పెరిగినవాడే. మొదట్లో డబుల్స్ ఆడేవాడు, గోపీచంద్ సింగిల్స్‌కి మార్చారు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా పెద్దవాణ్ని అలాగే ఊరి బయట ఒక కాలేజీ హాస్టల్లో వేశాం. ఆదివారం సాయంత్రం వార్డెన్ గది ముందు ఫోన్ కోసం లైన్లో నిలబడేవాళ్లు పిల్లలు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ఫోన్ ఎత్తగానే నా మొదటి ప్రశ్న ‘ఈ వారం ఎంతొచ్చింది?’ అనే. రెండేళ్లూ అదే ప్రశ్న. వాడి పెళ్లి పనులప్పుడు, శుభలేఖల మీద పేర్లు రాస్తూ మాటల్లో చెప్పాడు: ‘నాన్నా, లైన్లో ఉన్నంతసేపూ నీకు ఏ మార్కు చెప్పాలా అని లెక్కలు వేసుకునేవాణ్ని. మిగతావి చెప్పడానికి టైం ఉండేది కాదు.’ ఆ రెండేళ్లలో ఒకసారి వాడికి పచ్చకామెర్లు వచ్చాయి. హాస్టల్ వాళ్లు నాకు కబురు పెట్టింది ఎనిమిదో రోజున. మధ్యలో ఒక ఆదివారం వాడు నాతో మాట్లాడాడు. ఫిజిక్స్‌లో ఎంత వచ్చిందో చెప్పాడు, పెట్టేశాడు. ఆ ఫోన్‌కాల్ తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

భోగి రోజు మీ మనవడు రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడన్నారు కదా. ఆ రెండు ముక్కల ముందు మీరేం అడిగారో గుర్తు తెచ్చుకోండి. ‘నిన్న ఆడావా నాన్నా?’ అని ఉంటారు. ప్రేమతోనే అడిగారు. కానీ వాడికి రోజూ అదే ప్రశ్న అమ్మ అడుగుతుంది, నాన్న అడుగుతాడు, స్కూల్లో స్నేహితులు అడుగుతారు. సమాధానం చెప్పనక్కర్లేని మనిషి ఒక్కరైనా వాడికి కావాలి. మీరు ఆ మనిషి అవ్వండి. ఆడాడో లేదో మీకు ట్యాబ్‌లో ఎలాగూ తెలుస్తుంది, వాణ్ని అడగొద్దు. ఏం తిన్నావు, బయట ఎంత మంచు పడింది, ఆ ఇంట్లో కుక్క ఉందా, స్కూల్లో పక్కన ఎవరు కూర్చుంటారు, ఇలాంటివి అడగండి. మీ ఇంటి ముందు సంక్రాంతికి ఏ ముగ్గు వేశారో చూపించండి. మొదట్లో ఊ, ఆ అంటాడు. కొన్నాళ్లు ఓపిక పట్టండి.

ఆ తెలియని ఇల్లు గురించి. వాళ్లని అక్కడ బిల్లెట్ కుటుంబం అంటారు. జట్టే ఊళ్లో కుటుంబాలని ఎంచుకుని, పోలీసు రికార్డులు చూసి, పిల్లాణ్ని అప్పగిస్తుంది. తిండి ఖర్చులకి నెలనెలా కొంత డబ్బు ఇస్తుంది. అయినా డబ్బు కోసం ఎవరూ ఇది చేయరు, ఏళ్ల తరబడి పిల్లల్ని ఉంచుకుని, వాళ్ల పెళ్లిళ్లకి వెళ్లే కుటుంబాలు ఉన్నాయి. ఒకసారి మీ అమ్మాయిని మధ్యలో ఉంచుకుని ఆ ఇంటావిడతో వీడియోలో మాట్లాడండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు. వాడు చలికాలంలో చారన్నం ఇష్టంగా తింటాడనీ, బాధ కలిగితే తిండి మానేస్తాడనీ, అలిగితే తలుపేసుకుంటాడనీ ఆవిడకి మీరు చెప్పగలిగినట్టు ఇంకెవరూ చెప్పలేరు. ఫోన్లో దాచినవి ఆవిడ కళ్లకి కనపడతాయి. ప్లేటు ఖాళీ అవుతోందా, రాత్రి లైటు ఎప్పుడు ఆరుతోంది, ఇవన్నీ తెలిసేది ఆవిడకే.

ఇక చదువు. మీ మరిది కొడుకు చెప్పింది 2025 జులై దాకా నిజమే. ఈ లీగుల్లో ఒక్క మ్యాచ్ ఆడినా వృత్తి ఆటగాడి కింద లెక్కకట్టి అమెరికా యూనివర్సిటీల మొదటి డివిజన్ జట్లు తీసుకునేవి కావు. 2024 నవంబర్‌లో ఆ నిబంధన మార్చారు, 2025 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి ఆ తలుపు మూసుకుపోలేదు. అంతేకాదు, అంటారియో లీగులో ఆడిన ఒక్కో సీజన్‌కీ ఒక్కో ఏడాది పైచదువు ఫీజు భరించే స్కాలర్‌షిప్ ఒప్పందంలోనే ఉంటుంది. దీన్ని మీ అల్లుడు ఒప్పందం కాగితం ముందు పెట్టుకుని చదవాలి. మధ్యలో వచ్చేస్తే ఈ ఏడాదిది దక్కుతుందా, ఎన్నాళ్లలోపు వాడుకోవాలి, రేపు వృత్తి ఆటగాడిగా సంతకం పెడితే ఏమవుతుంది, హాస్టల్ ఖర్చు కూడా ఇస్తారా, ఫీజు వరకేనా అని చూడాలి. కోపంలో కారేసుకుని బయల్దేరే ముందు ఈ నాలుగూ తెలుసుకోమనండి.

పెద్ద లీగు కల గురించి కూడా నిజం చెప్పుకోవాలి. కెనడాలోని ఈ మూడు లీగుల్లో కలిపి దాదాపు 60 జట్లు. జట్టుకి పాతికమంది లోపు అనుకున్నా 1,300 మంది పైమాటే. ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్లు ఆడే పెద్ద వృత్తి హాకీ లీగు) వాళ్లు ఏడాదికొకసారి ప్రపంచం మొత్తం మీద ఎంపిక చేసేది 224 మందిని. అందులోనూ చాలామంది ఆ మంచు మీద ఒక్క మ్యాచ్ కూడా ఆడరు. అందుకే స్కూలు సర్టిఫికెట్, ఆ స్కాలర్‌షిప్, ఈ రెండూ వాడి చేతిలో ఖాయంగా ఉండే ఆస్తి. అలాగని ఎవరూ పట్టించుకోని కుర్రాడి కథ అయిపోయినట్టూ కాదు. పశ్చిమ లీగులో రెడ్ డీర్ జట్టుకి ఆడిన పంజాబీ కుర్రాడు అర్ష్‌దీప్ బెయిన్స్‌ని ఎన్‌హెచ్‌ఎల్ ఎంపికలో ఎవరూ తీసుకోలేదు. వాడు ఆ లీగులోనే ఏళ్ల తరబడి ఆడుతూ 2021–22లో 112 పాయింట్లతో లీగు మొత్తానికి మొదటి స్థానంలో నిలిచాడు. ఆ సీజన్‌లోనే వాంకూవర్ ఎన్‌హెచ్‌ఎల్ జట్టు పిలిచి ఒప్పందం ఇచ్చింది. మీ మనవడికి ఈ పేరు తెలిసే ఉంటుంది. మీరూ తెలుసుకోండి, ఎప్పుడైనా మాటల్లో వస్తే వాడు ఆశ్చర్యపోతాడు.

బస్సుల గురించి మీ భయం ఉత్తదని చెప్పలేను. 2018 ఏప్రిల్ 6న సస్కాచెవాన్ రాష్ట్రంలో హంబోల్ట్ అనే ఊరి జూనియర్ జట్టు బస్సుకి ట్రక్కు అడ్డం వచ్చి 16 మంది పోయారు. ఆ దేశంలో ఆ రాత్రిని ఎవరూ మర్చిపోలేదు. 2020 సెప్టెంబర్ నుంచి అక్కడ కొత్తగా తయారయ్యే దూరప్రయాణపు బస్సులన్నిటికీ సీటు బెల్టులు తప్పనిసరి చేశారు. బెల్టు ఉన్నా రాత్రి రెండింటికి నిద్రలో ఉన్న కుర్రాళ్లు పెట్టుకోరు. ‘ఆడావా’ అని అడిగే బదులు ‘బెల్టు పెట్టుకున్నావా’ అని అడగండి. అది అమ్మమ్మ అడగాల్సిన ప్రశ్నే.

ఇప్పుడు, మీ అమ్మాయికి ఈరోజే చదివి వినిపించమన్న ఆ భాగం.

మొదటిది తలకి దెబ్బ. పళ్లు రాలడం, కొట్లాటలు మిమ్మల్ని భయపెడుతున్నట్టున్నాయి. కొట్లాటలు బాగా తగ్గాయి, క్యూబెక్ లీగు 2023లో పూర్తిగా నిషేధించింది, పదహారేళ్ల వాడు గ్లవ్స్ విసిరి కొట్లాడాలని ఎవరూ ఆశించరు. మెదడు అదిరే దెబ్బ వేరు. అది బయటికి కనపడదు. అంటారియోలో రోవన్ స్ట్రింగర్ అని 17 ఏళ్ల అమ్మాయి రగ్బీ ఆడేది. 2013లో కొన్ని రోజుల తేడాలో తలకి మళ్లీ మళ్లీ దెబ్బలు తగిలాయి. తల నొప్పిగా ఉందని తెలిసీ ఆడింది, చనిపోయింది. ఆ పిల్ల పేరు మీదే 2018లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే అక్కడికక్కడే ఆట ఆపాలి, వైద్యులు సరేనన్నాకే తిరిగి ఆడాలి. కష్టపడి సంపాదించిన చోటు పోతుందని కుర్రాళ్లు ఈ దెబ్బల్నే దాస్తారు. సగం మ్యాచ్‌లు బయట కూర్చున్నవాడైతే మరీ దాస్తాడు. ఫోన్లో మాటలు తడబడుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, ఊరికే చిరాకు పడుతున్నా, ఎప్పుడూ లేనిది పగలంతా నిద్రపోతున్నా మీ అమ్మాయి వెంటనే ఆ ఇంటావిడకి, జట్టు వైద్య సిబ్బందికి ఫోన్ చేయాలి.

రెండోది ఇంకా బరువైనది. 1990ల్లో షెల్డన్ కెనెడీ అనే ఆటగాడు, కుర్రాడిగా ఉన్నప్పుడు తన జూనియర్ కోచ్ తన మీద ఏళ్ల తరబడి లైంగిక దాడి చేశాడని బయటపెట్టాడు. 1997లో ఆ కోచ్‌కి జైలు పడింది. అప్పటిదాకా ఆ పిల్లాడు ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. 2020లో మాజీ ఆటగాళ్లు కొందరు, కొత్తగా వచ్చిన కుర్రాళ్లని పెద్దవాళ్లు హింసించారంటూ ఈ లీగుల మీద కోర్టుకెక్కారు. ఇవాళ నిబంధనలు చాలా మారాయి. మీ మనవడి విషయంలో అలాంటిది జరిగిందనడానికి మీ ఉత్తరంలో ఏమీ లేదు. కానీ నోరు విప్పని పిల్లాడి గురించి మీరు రాశారు కాబట్టి నేను ఈ మాట దాటేసి వెళ్లలేను. మీ అల్లుడు ఇప్పుడు ఆరు గంటలు కారు నడిపి వెళ్లాలి, తీసుకురావడానికి కాదు, ఒక శని, ఆదివారాలు వాడితో గడపడానికి. ఆట సంగతి ఎత్తకుండా భోజనానికి తీసుకెళ్లి, కారులో పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి అడగమనండి: ‘ఇక్కడ నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా? ఏం చెప్పినా నేను నిన్ను తిట్టను.’ ఎదురెదురుగా కూర్చుంటే చెప్పలేని మాటలు కారులో రోడ్డు వైపు చూస్తూ వస్తాయి. అవునని చెప్పినా, తిండీ నిద్రా పూర్తిగా పోయాయనిపించినా, బతుకు మీద విరక్తి మాటలు ఒక్కటి వినిపించినా, ఆ రోజే సామాను సర్దాలి. సీజన్, స్కాలర్‌షిప్, పాయింట్లు ఏవీ అప్పుడు లెక్కలోకి రావు.

అవేవీ లేకుండా, ‘ఆడించడం లేదు నాన్నా, సిగ్గుగా ఉంది’ అన్నదే వాడి బాధ అయితే, వాడి చేత కోచ్‌ని ఒక్క ప్రశ్న అడిగించమనండి: ‘వచ్చే నెలలోపు నేను ఏం మెరుగుపరుచుకోవాలి?’ తండ్రి అడగకూడదు, వాడే అడగాలి. కోచ్ స్పష్టంగా రెండు విషయాలు చెబితే పిల్లాడి మీద ఆయనకి దృష్టి ఉన్నట్టే. తెలియదు, చూద్దాం అంటే, వేసవిలో మీ నిర్ణయానికి అది ఒక ఆధారం. నవంబర్‌కీ ఫిబ్రవరికీ మధ్య ఈ వయసు పిల్లలు ఒళ్లు పెరిగి, ఆట వేగానికి అలవాటు పడి చాలా మారతారు. పైగా చివరి నెలల్లో పెద్దవాళ్లకి గాయాలై ఖాళీలు వస్తాయి. అలా వచ్చే చోటు కోసం వాడు అక్కడ ఉండాలి కదా.

మీ అల్లుడి మీద కోపం తెచ్చుకోకండి. బిడ్డ బాధ చూడలేకే ఆయన ఆ మాట అంటున్నాడు. మీ అమ్మాయి ఏడుపూ అందుకే. ఇద్దరినీ ఒకే ఫోన్‌కాల్‌లో పెట్టి, మార్చి దాకా ‘తెచ్చేద్దాం’ అన్న మాట వాడి ముందు ఎవరూ అనకూడదని మాట తీసుకోండి. రేపు ఉంటానో లేదో తెలియనివాడు ఇవాళ ఆడలేడు.

ఇక మీ సంగతి. వాడి చొక్కా వెనక నంబరు ఒక చీటీ మీద రాసి ట్యాబ్ పక్కన పెట్టుకోండి. గోల్ దగ్గర చూడకండి, బెంచీ దగ్గర చూడండి. వాడు గోడ దాటగానే మనసులో లెక్కపెట్టండి. 45 లోపు తిరిగి బెంచీకి వచ్చి కూర్చున్నాడా, ఎదుటివాడు తోసినా బిళ్ల (బంతికి బదులు వాళ్లు కర్రతో కొట్టే పక్) వదలకుండా పట్టుకున్నాడా, అంతే చూడండి. ఆ వయసు కుర్రాడికి కోచ్ వేసే మార్కులు కూడా చాలావరకు వాటికే. ఎప్పుడైనా వాడంతట వాడే ఆట మాట ఎత్తితే, ‘రెండో పీరియడ్‌లో ఆ పొడుగాటి వాడు గోడకేసి నొక్కినా బిళ్ల వదల్లేదు నువ్వు’ అని మాత్రం చెప్పండి. అమ్మమ్మ అంత దగ్గరగా చూసిందా అనుకుంటాడు.

శుక్రవారం రాత్రి అక్కడ 7 గంటలకి మ్యాచ్ అంటే మనకి శనివారం తెల్లవారుజామున 5.30. మార్చి రెండో ఆదివారం నుంచి అక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు, అప్పుడు మనకి 4.30కే మొదలవుతుంది. అలారం మార్చుకోవడం మర్చిపోకండి.